ఆమె సొమ్ము, నా పాన్ కార్డు

హత్నూర మండలంలో బోర్పట్ల, గుండ్లమాచనూర్ వైపు మందుల ఫ్యాక్టరీలు లేచాక మా పల్లెల ఇళ్లలోకి రెండు కొత్త కాగితాలు వచ్చాయి. ఒకటి జీతం చిట్టీ, రెండోది షేరు సర్టిఫికెట్. అటు జిన్నారం, బొల్లారం, పాశమైలారం, పటాన్‌చెరు దాకా ఇదే కథ. నేను ఈ బెల్టులోనే ఒక ఫ్యాక్టరీ అకౌంట్స్ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంటావిడ సర్కారు బడిలో టీచరు. ఇద్దరం సంపాదించాం, ఇద్దరి పేరా విడివిడిగా రిటర్న్‌లు దాఖలయ్యాయి. ఆ రెండూ నింపింది మాత్రం నేనే.

ఇప్పుడు షిఫ్టు దిగి నా దగ్గరికి వచ్చే కుర్ర జంటలు తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. "సార్, షేర్లు ఇద్దరి పేర్ల మీద ఉన్నయి. డివిడెండ్ ఎవరి రిటర్న్‌ల చూపాలె?" మన దేశంలో మొగుడూ పెళ్లాం కలిపి ఒకే రిటర్న్ వేసే వీలు లేదు కనుక ఈ ప్రశ్నను ఎవరూ తప్పించుకోలేరు. జవాబు చట్టంలో ఉంది. అయితే చట్టం చదివినంత మాత్రాన ఆ జవాబు దొరకదు. మీ ఇంట్లో ఎవరి డబ్బు ఎటు పోయిందో తెలిసి ఉండాలి. అది నాకు ఆలస్యంగా తెలిసింది. మీరు ఇంకా మొదట్లోనే ఉన్నారు కనుక చెబుతున్నాను.

1. పన్ను పడని సొమ్ముకూ లెక్క రాసి పెట్టుకోవాలి.

1997 జూన్ నుంచి డివిడెండ్ మీద పన్నును కంపెనీలే కట్టేవి. వాటాదారుకు చేరిన డబ్బు మీద మళ్లీ పన్ను ఉండేది కాదు. మధ్యలో 2002–03లో ఒక్క సంవత్సరం ఆ భారం వాటాదారు మీదికి వచ్చింది, మరుసటి ఏడే పాత పద్ధతికి తిరిగిపోయింది. 2016–17 నుంచి ఏడాదికి పది లక్షలకు మించి డివిడెండ్ వచ్చేవాళ్లకు 10 శాతం వేశారు గానీ అది మన ఇళ్ల మాట కాదు. 2002–03 తప్ప ఇరవై ఏళ్లకు పైగా మనం చేసిందల్లా పోస్టులో వచ్చిన వారెంటును బ్యాంకులో వేసుకోవడం, రిటర్న్‌లో మినహాయింపు ఆదాయం అన్న గడిలో ఒక అంకె రాయడం. ఆ షేరు ఎవరి డబ్బుతో కొన్నది, ఎవరి గడిలో రాయాలి అని ఏ ఇంట్లోనూ ఎవరూ అడగలేదు. ఎవరి గడిలో రాసినా పన్ను సున్నాయే కదా.

2020 ఏప్రిల్ 1 నుంచి అదంతా మారిపోయింది. డివిడెండ్ ఎవరిదో వాళ్ల ఆదాయంలో కలిసి, వాళ్ల స్లాబు ప్రకారం పన్ను పడసాగింది. ఒక కంపెనీ ఒక వాటాదారుకు ఏడాదిలో ఐదు వేలకు మించి ఇస్తే 10 శాతం టీడీఎస్ పట్టాలన్నారు. 2025 ఏప్రిల్ నుంచి ఆ హద్దు పది వేలు. హద్దు లోపల ఉన్నదానికి టీడీఎస్ పట్టరు, అంతే. దానికి పన్ను లేదని కాదు. ఈ ముక్క దగ్గర చదువుకున్నవాళ్లు కూడా పొరబడుతుంటారు.

ఇలా 2020లో చట్టం అడిగిన ప్రశ్నకు జవాబు 1998, 1999 నాటి కాగితాల్లో ఉంది. ఫ్యాక్టరీలో ఆడిటర్ వచ్చి ఎనిమిదేళ్ల కిందటి టోలీన్ డ్రమ్ముల వోచరు అడిగితే బీరువా తెరిచి చేతిలో పెట్టగలిగేవాణ్ణి. నా ఇంటి షేర్లు ఏ చెక్కుతో, ఎవరి ఖాతా నుంచి కొన్నానో చెప్పే కాగితం మాత్రం నా దగ్గర సగమే మిగిలింది. పన్ను లేని కాలంలో తీరిగ్గా రాసుకోవాల్సిన లెక్క అది. ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసుకుంటే సరిపోయేది: తేదీ, కంపెనీ, మొత్తం, ఎవరి ఖాతా.

2. ఖాతాలో మొదటి పేరు మనదైనంత మాత్రాన సొమ్ము మనది అయిపోదు.

మా పెళ్లప్పుడు మా మామగారు పసుపు కుంకుమల కింద కూతురికి ఎకరం చేను రాసిచ్చారు. నర్సాపూర్ దారిలో, పట్టా ఆమె పేరు మీదే. ఫ్యాక్టరీలు వచ్చి భూముల ధర పెరిగాక దాన్ని అమ్మాం. మున్సిపాలిటీలకు దూరంగా పల్లెలో ఉన్న సాగుభూమి కనుక అమ్మకం మీద పన్ను పడలేదు. వచ్చిన డబ్బులో పెద్ద భాగం షేర్లలో పెట్టాను. దరఖాస్తు నింపింది నేను, ఆ రోజు ఆమె బడికి వెళ్లింది. మొదటి పేరు నాది రాశాను, రెండో పేరు ఆమెది. తర్వాత డీమ్యాట్ ఖాతా తెరిచినప్పుడూ అదే వరస. బోనస్‌లు వచ్చాయి, షేర్లు విడిపోయి పెరిగాయి. డివిడెండ్ నేరుగా నా బ్యాంకు ఖాతాలో పడేది.

కంపెనీకి గానీ, దాని రిజిస్ట్రార్‌కు గానీ మీ ఇంటి సంగతి తెలియదు. జాయింట్ ఖాతా అయితే డివిడెండ్ మొదటి పేరువాళ్లకు పంపుతారు, టీడీఎస్ వాళ్ల పాన్ మీదే పడుతుంది. 2021 నవంబరులో ఆదాయపు పన్ను శాఖ ఏఐఎస్ అనే సమాచార పట్టిక మొదలుపెట్టాక ప్రతి కంపెనీ ఇచ్చిన ప్రతి రూపాయీ అందులో కనిపించసాగింది. నా ఏఐఎస్‌లో మొత్తం డివిడెండ్ నా పేరు మీద ఉంది. దానికి తగ్గట్టే 2020–21 రిటర్న్‌లో అంతా నా ఆదాయంగా చూపాను. శాఖ దగ్గరున్న అంకె, నా రిటర్న్‌లోని అంకె కలిశాయి. ఎవరూ నోటీసు పంపలేదు. అంకెలు కలిస్తే లెక్క సరైనట్టే అనుకున్నాను. ఎన్నో ఏళ్లు లెక్కలు రాసిన మనిషి అనుకోకూడని మాట అది.

2022 వేసవిలో ఆ ఏడాది రిటర్న్‌కు సిద్ధమవుతూ ఏఐఎస్ ప్రింటు తీసి భోజనాల బల్ల మీద పెట్టాను. ఆమె సెలవుల్లో ఇంట్లోనే ఉంది. జవాబు పత్రాలు దిద్దే అలవాటు కదా, ఎర్ర పెన్ను పట్టుకుని వరస వరసా చూసింది. ఒక కంపెనీ పేరు దగ్గర ఆగి అడిగింది. "ఇది మా నాయన ఇచ్చిన చేను పైసలతోని కొన్నది కాదా అండీ? మరి మీ పేరు మీద ఎందుకున్నది?"

ఆ ప్రశ్నకు చట్టం చెప్పే జవాబు సూటిగా ఉంది. షేరు కొన్న డబ్బు ఎవరిదో, దాని ఫలం నిజంగా ఎవరికి చెందాలో, ఆ డివిడెండ్ వాళ్ల ఆదాయం. పుట్టింటివాళ్లు ఆడపిల్లకు ఇచ్చిన ఆస్తి మీద ఆమెకు సంపూర్ణ హక్కు ఉందని 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ చెబుతుంది. ఆ ఆస్తిని డబ్బు చేసి షేర్లుగా మార్చినా హక్కు మారదు. పేర్ల వరస, బ్యాంకు ఖాతా, పాన్ ఇవి డబ్బు ఏ దారిన వచ్చిందో చెబుతాయి గానీ ఎవరిదో చెప్పవు.

ఇంకో మాట దాచకుండా చెప్పాలి. అప్పటికి నేను రిటైరై నా స్లాబు చిన్నదైంది. ఆమె సీనియర్ టీచరు, ఆమెది పెద్ద స్లాబు. డివిడెండ్ నా రిటర్న్‌లో చూపడం వల్ల ఇంటికి పన్ను మిగిలింది. నేను కోరి చేసింది కాదు. కానీ మిగిలిన పన్ను, అడగని ప్రశ్న రెండూ ఒకే చోట ఉన్నాయంటే ఎవరైనా ఏమనుకోవాలో అదే అనుకుంటారు.

3. సగం సగం పంచడం లెక్క కాదు.

జాయింట్ ఖాతా ఉంటే డివిడెండ్‌ను చెరి సగం రాసేసి చేతులు దులుపుకునేవాళ్లు చాలామంది. సగం సగం పెట్టుబడి పెట్టి ఉంటే అది సరైనదే. లేకుంటే పెట్టుబడి నిష్పత్తిలోనే పంచాలి. ఉదాహరణకు నాలుగు లక్షల రూపాయలతో కొన్న షేర్లలో భార్య డబ్బు మూడు లక్షలు, భర్తది లక్ష అనుకుందాం. ఆ ఏడాది 24,000 డివిడెండ్ ప్రకటించి, 2,400 టీడీఎస్ పట్టుకుని, 21,600 బ్యాంకులో వేశారు. భార్య రిటర్న్‌లో 18,000, భర్త రిటర్న్‌లో 6,000 రావాలి. చేతికొచ్చిన 21,600ను కాదు, పట్టుకోకముందు ఉన్న 24,000నే పంచాలి. బ్యాంకు పాస్‌బుక్ చూసి రిటర్న్ నింపేవాళ్లు ఇక్కడ తప్పు చేస్తారు.

టీడీఎస్ కూడా ఆదాయం వెంటే నడవాలి. భార్యకు 1,800, భర్తకు 600. ఆదాయమేమో ఆమె రిటర్న్‌లో చూపి, టీడీఎస్ మొత్తం నేను వాడుకుంటానంటే కుదరదు. పాత ఆదాయపు పన్ను నియమాల్లో 37బీఏ అన్నది దీనికోసమే ఉండేది. డివిడెండ్ నిజంగా ఎవరిదో వాళ్ల పేరు, చిరునామా, పాన్, ఎందుకు వాళ్లకు చెందుతుందో కారణం రాసి, మొదటి పేరున్నవారు కంపెనీకి డిక్లరేషన్ ఇవ్వాలి. అప్పుడు కంపెనీ ఆ టీడీఎస్‌ను రెండోవాళ్ల పాన్ మీద చూపుతుంది. వార్షిక సర్వసభ్య సమావేశం (ఏజీఎం) ముందు కంపెనీలు డివిడెండ్ పన్ను గురించి ఒక పొడవాటి మెయిల్ పంపుతాయి, చివర్లో ఫలానా తేదీలోగా కాగితాలు అప్‌లోడ్ చేయండి అని ఉంటుంది. మనం చదవకుండా వదిలేసే మెయిల్ అదే. ఆ తేదీ దాటితే తర్వాత మొత్తం తలనొప్పి మనదే.

కంపెనీ దగ్గర పని జరగకపోతే ఏఐఎస్‌లోనైనా మీ మాట నమోదు చేయండి. ఒక్కో వరస పక్కన అభిప్రాయం చెప్పే వీలుంది. ఆ సమాచారం పూర్తిగా సరికాదనో, వేరే పాన్‌కు చెందిందనో ఎంచుకోవచ్చు. రేపు ఎవరైనా అడిగితే దాన్ని రుజువు చేసే బ్యాంకు స్టేట్‌మెంటు ఉన్నప్పుడే ఆ పని చేయండి.

రిటర్న్‌లో డివిడెండ్‌ను ఏ తేదీల మధ్య వచ్చిందో విడగొట్టి రాయమంటారు: జూన్ 15 దాకా, సెప్టెంబరు 15 దాకా, అలా. అది ఊరికే అడిగింది కాదు. డివిడెండ్ ఎప్పుడొస్తుందో ముందే తెలియదు కనుక, వచ్చిన తర్వాతి వాయిదాల్లో అడ్వాన్స్ ట్యాక్స్ కట్టినవాళ్లకు ముందటి వాయిదాల వడ్డీ పడకుండా చూడటానికే. పంచేటప్పుడు ఈ తేదీలు కూడా ఇద్దరి రిటర్న్‌ల్లో ఒకేలా ఉండాలి.

4. ఆస్తి ఇచ్చేయవచ్చు, పన్ను బాధ్యత ఇచ్చేయలేం.

ఇది ఎక్కువగా ఒక్కరే సంపాదించే ఇళ్ల సంగతి. మా సెక్షన్‌లో ఒక సహోద్యోగి ఉండేవాడు. ఇంట్లో ఉండే భార్య పేరు మీద డీమ్యాట్ తెరిచి, తన బోనస్ డబ్బు ఆమె ఖాతాలో వేసి షేర్లు కొన్నాడు. భార్యకిచ్చే బహుమతి మీద పన్ను లేదని ఎవరో చెప్పారు. నిజమే, లేదు. కానీ 1961 ఆదాయపు పన్ను చట్టం 64వ సెక్షన్ ప్రకారం తగిన ప్రతిఫలం లేకుండా భార్యకో భర్తకో ఇచ్చిన ఆస్తి నుంచి వచ్చే ఆదాయం ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలుస్తుంది. విడిపోయి బతకడానికి రాసుకున్న ఒప్పందం కింద ఇచ్చినదానికి మాత్రం ఇది వర్తించదు. మన లెక్కల భాషలో దీన్ని క్లబ్బింగ్ అంటాం. 2025లో చేసిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లన్నీ మారాయి గానీ ఈ సూత్రం మారలేదు.

ఈ రోజుల్లో ఆశ ఇంకా పెరిగింది. కొత్త పన్ను విధానంలో 2025–26 నుంచి పన్నెండు లక్షల దాకా ఆదాయానికి రిబేటు వచ్చి పన్ను పడదు కదా, ఆమె పేరు మీద పెట్టేస్తే పోదా అంటారు. పోదు. ఆ డివిడెండ్ భర్త రిటర్న్‌లోనే చూపాలి. ఐటీఆర్-2లో ఎస్‌పీఐ అన్న షెడ్యూల్ ఉంది. అందులో భార్య పేరు, పాన్, మొత్తం రాసి తన ఆదాయంలో కలుపుకోవాలి. ఆ షేర్లను తర్వాత అమ్మితే వచ్చే లాభం కూడా అంతే.

అయితే ఒక గీత గమనించండి. ఇచ్చిన షేర్ల మీద వచ్చిన డివిడెండ్ భర్త ఆదాయంలో కలుస్తుంది. ఆ డివిడెండ్‌ను దాచి ఆమె మళ్లీ షేర్లు కొంటే, వాటి మీద వచ్చే డివిడెండ్ ఆమెదే. ఆదాయం మీద పుట్టిన ఆదాయానికి క్లబ్బింగ్ లేదు. అందుకే ఆ రెండింటినీ ఒకే డీమ్యాట్ ఖాతాలో కలపకండి. కలిపాక విడదీయడం ఎంత కష్టమో పాలల్లో నీళ్లు పోసినవాడికి తెలుస్తుంది.

డివిడెండ్ మీద ఇలాంటి తగాదాలు కొత్తవేం కావు. కలకత్తాలో ఫిలిప్ థామస్ అనే ఆయన 1947 డిసెంబరులో, తాను పెళ్లాడబోయే ఆమెకు తన కంపెనీ షేర్లు 750 బహుమతిగా ఇచ్చాడు. 1948 జనవరిలో పెళ్లయింది. ఆ షేర్ల డివిడెండ్‌ను ఆయన ఆదాయంలో కలపాలని పన్ను శాఖ పట్టుబట్టింది. 1963లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇచ్చేనాటికి వాళ్లు భార్యాభర్తలు కారు కనుక కలపకూడదని తేల్చింది. అదే ఏడాది మద్రాసు కేసు ఒకటి ఇంకో దారి మూసేసింది. అక్కడ తండ్రి తన కోడలికి, కొడుకు తన తల్లికి డబ్బిచ్చి ఆస్తి కొనిపించారు. ఎవరి భార్యకు వాళ్లు ఇవ్వలేదు కదా అన్నారు. చుట్టు తిప్పి ఇచ్చినా ఇచ్చినట్టేనని కోర్టు చెప్పింది. మా ఫ్యాక్టరీల్లో ఇద్దరు స్నేహితులు ఒకరి భార్యకు ఒకరు బహుమతి రాసుకుంటే పోదా అని క్యాంటీన్‌లో సలహా చెప్పేవాళ్లు ఈనాటికీ ఉన్నారు. ఆ సలహా వినకండి.

ఆ సహోద్యోగికి నేను అప్పుడే చెప్పి ఉండాల్సింది. అది వాళ్లింటి విషయం అని ఊరుకున్నాను. తర్వాత వాళ్లకు నోటీసు వచ్చింది. వాళ్లావిడ, తాను ఎన్నడూ చూడని కాగితాల గురించి జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. భార్యకు నిజంగా పెట్టుబడి సాయం చేయాలనుకుంటే అప్పుగా ఇవ్వవచ్చు. నోటు రాసుకుని, న్యాయమైన వడ్డీ పెట్టుకుని, ఆ వడ్డీ నిజంగా ఖాతా నుంచి ఖాతాకు కడితే అది ప్రతిఫలం ఉన్న లావాదేవీ అవుతుంది. కాగితం మీద రాసి కట్టకుండా ఉంటే అది అప్పు అనిపించుకోదు.

5. బియ్యానికి, ఫీజులకు పోయిన జీతం కూడా పెట్టుబడే.

నన్ను ఎక్కువగా బాధించేది ఈ పాఠం. మా ఇంట్లో అలవాటు ఎలా పడిందంటే, ఆమె జీతంతో ఇల్లు నడిచేది. కిరాణా, పాలు, పిల్లల ఫీజులు, మా అమ్మ మందులు అన్నీ అందులోనే. నా జీతంలో చాలా భాగం మిగిలేది, దాన్ని షేర్లలో, డిపాజిట్లలో పెట్టేవాణ్ణి. ఎవరూ కూర్చుని ఇలా చేద్దాం అనుకోలేదు. ఆమె బడికి దగ్గర్లో కిరాణా దుకాణం ఉండేది, ఆమె కొనుక్కొచ్చేది. నాకు షేర్ బ్రోకరు పరిచయం, నేను కొనేవాణ్ణి. అంతే.

చేను డబ్బుతో కొన్నవి ఆమెవని తేలాక మిగతావి లెక్క పెట్టాను. అవన్నీ నా జీతంతో కొన్నవి. చట్టం ప్రకారం వాటి డివిడెండ్ పూర్తిగా నాది, నా రిటర్న్‌లోనే చూపాలి, చూపుతున్నాను. అందులో తప్పేమీ లేదు. కానీ ముప్పై ఏళ్లు ఆమె జీతం మా అందరి కడుపులు నింపి కరిగిపోయింది, నా జీతం నా పేరు మీద పెరిగింది. ఆమె ఇంటి ఖర్చు మోయకపోతే ఆ షేర్లు నేను కొనగలిగేవాణ్ణా? పన్ను చట్టానికి ఈ ప్రశ్న వినపడదు. షేరు కొన్న చెక్కును చూస్తుంది, బియ్యం బస్తా కొన్న నోటును చూడదు.

అన్నిచోట్లా ఇలా లేదు. మన దేశంలోనే గోవాలో పోర్చుగీసు కాలం నాటి సివిల్ కోడ్ నడుస్తుంది. అది వర్తించే దంపతులకు జీతం తప్ప మిగతా ఆదాయాన్ని చెరి సగం చేయాలని 1961 ఆదాయపు పన్ను చట్టం 5ఏ సెక్షనే చెప్పింది. అమెరికాలో టెక్సస్, కాలిఫోర్నియా వంటి తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లి తర్వాతి సంపాదన ఇద్దరిదీ. మా తమ్ముడి కూతురు డల్లాస్ దగ్గర ఉంటుంది. అక్కడ దంపతులు చాలామంది కలిపే రిటర్న్ వేస్తారు. ఒక ఏడాది వాళ్లు విడిగా వేయాల్సి వచ్చింది. 8958 అనే ఫారంలో డివిడెండ్‌ను సగం సగం రాశారు. వాళ్ల నాన్న ఆమెకు బహుమతిగా ఇచ్చిన షేర్ల డివిడెండ్ కూడా టెక్సస్‌లో సగం భర్తకే పోతుందని, అదే కాలిఫోర్నియాలో అయితే విడి ఆస్తి ఫలం విడిగానే ఉంటుందని తెలిసి ఆ పిల్ల ఫోన్‌లో నన్ను నిలదీసింది. ఏ పద్ధతి ఇబ్బంది దానికి ఉంటుంది. మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తండ్రి ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు 1986 చట్టంతోనే వచ్చింది, దేశమంతటికీ రావడానికి 2005 పట్టింది. కూతురికి ముందే దారి చూపిన నేల ఇది. భార్య మోసిన ఇంటి ఖర్చుకు మాత్రం మన దగ్గర లెక్క లేదు.

అది చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పని కాదు. మీరిద్దరూ ఉద్యోగాలు చేస్తుంటే ఇద్దరి జీతాల నుంచీ ఒకే నిష్పత్తిలో ఇంటి ఖాతాకు పంపండి. మిగిలినది ఎవరిది వాళ్లు, ఎవరి పేరు మీద వాళ్లు పెట్టుకోండి. అలా కాదు, ఒకరి జీతం ఖర్చుకు, ఒకరి జీతం పొదుపుకు అనుకుంటే అదీ చట్టం కాదనదు. ఎవరి జీతం ఎటు అన్నది ఇద్దరూ కూర్చుని, ఆ నిర్ణయం ఇరవై ఏళ్ల తర్వాత ఎవరి చేతిలో ఏం మిగుల్చుతుందో చూసుకుని తేల్చుకోండి.

6. తెలిసిన తప్పును ఆ ఏడే దిద్దుకోవాలి.

గడువు లోపల అయితే సవరించిన రిటర్న్ వేయవచ్చు. 2020–21కి మాకు ఆ గడువు దాటిపోయింది. 2022లో వచ్చిన అప్‌డేటెడ్ రిటర్న్ అనే కొత్త వీలు ఉంది కనుక ఆమె పేర అది వేశాం. పన్ను, వడ్డీ కట్టి, ఆ మొత్తం మీద ఇంకో 25 శాతం అదనం కట్టాలి. ఏడాది దాటితే ఆ అదనం 50 శాతం. ఇప్పుడు నాలుగేళ్ల దాకా వీలు పెంచారు, అదనం కూడా 70 శాతం దాకా పెరుగుతుంది. నా రిటర్న్‌లో ఆ డివిడెండ్ తీసేసి నా పన్ను తగ్గించుకోవడానికి మాత్రం అప్‌డేటెడ్ రిటర్న్ పనికిరాదు. నా పాన్ మీద పడిన టీడీఎస్ కూడా ఆమెకు చేరలేదు. ఒకే డివిడెండ్ మీద ఇల్లు రెండు చోట్ల కట్టినట్టయింది.

ఆ డబ్బు నేను కడతానన్నాను, పొరపాటు నాది కనుక. ఆమె ఒప్పుకోలేదు. "నా పైసలైతే పన్ను గూడ నేనే కడత" అంది. అదనం మాత్రం నా చేత కట్టించింది.

ఆ తర్వాత ఆమె ఒక్కరి పేరు మీద డీమ్యాట్ తెరిచి చేను డబ్బు షేర్లు అందులోకి మార్చాం. ఇది నేనిస్తున్న బహుమతి కాదని, మొదటి నుంచీ ఆమె సొమ్మేనని, భూమి దస్తావేజు నంబరు, అమ్మిన తేదీ, చెక్కు వివరాలు రాసి ఇద్దరం సంతకాలు చేసి ఆ కాగితాన్ని దస్తావేజుతో కలిపి పెట్టాం. అది లేకుంటే రేపు ఆ మార్పిడిని నేనిచ్చిన బహుమతిగా చూసి, ఆమె డివిడెండ్‌ను మళ్లీ నా నెత్తికి చుట్టవచ్చు.

7. పిల్లల పేరు మీద పెట్టినా లెక్క తల్లిదండ్రులదే.

మైనరు పిల్లల షేర్ల డివిడెండ్ తల్లిదండ్రుల్లో ఎవరి ఆదాయం ఎక్కువైతే వాళ్లదానిలో కలుస్తుంది. పాత విధానంలో ఉన్నవాళ్లకు ఒక్కో పిల్లకు 1,500 మినహాయింపు. ఇంతకంటే ఇందులో చెప్పేదేమీ లేదు.

8. సంతకం పెట్టేవాళ్లకు కాగితం చదివి వినిపించాలి.

మా రెండు పాన్‌లకూ ఆదాయపు పన్ను పోర్టల్‌లో నా ఫోన్ నంబరే ఉండేది. ఆమె రిటర్న్ ఓటీపీ నా ఫోన్‌కు వచ్చేది, నేనే కొట్టేసేవాణ్ణి. ఆమె పేర దాఖలైన పత్రంలో ఏముందో ఆమెకు తెలియదు. అది నమ్మకం అనుకున్నాను. క్లాసులో పిల్లల చేత ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూపించే మనిషి, తన లెక్కను ఒక్కసారి కూడా చూసుకోలేకపోయింది. చూపించాలన్న ఆలోచన నాకు రాకపోవడమే దానికి కారణం. మన బెల్టులో చాలా ఇళ్లలో ఇదే తీరు. ఏదో ఒక రోజు ఫోన్ ఉన్న మనిషి ఆసుపత్రి మంచం మీద ఉంటాడు, పేరున్న మనిషి పాస్‌వర్డ్ వెతుక్కుంటుంది.

జులై నెలాఖరు గడువుకు ముందే ఇద్దరి ఏఐఎస్‌లూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్కో డివిడెండ్ వరస దగ్గర ఇది ఎవరి డబ్బు అని నోటితో అడగండి. ఇద్దరూ ఒకే మాట చెబితే ముందుకు పోండి. లేకుంటే ఆగి పాత స్టేట్‌మెంట్లు తీయండి. ఎవరి రిటర్న్ వాళ్ల లాగిన్‌తో, వాళ్ల ఫోన్‌కు వచ్చిన ఓటీపీతోనే వేయండి.

ఇప్పుడు మా ఇంట్లో ఆమె రిటర్న్ ఆమే వేసుకుంటుంది. ఈమధ్య ఒక కంపెనీ ఏజీఎం ముందు పంపే మెయిల్ ఆమె ఫోన్‌కు వచ్చింది. అరవై దాటినవాళ్లు ఒక డిక్లరేషన్ ఫారం ఇస్తే టీడీఎస్ పట్టరని అందులో చదివి, తాను ఇవ్వవచ్చా అని అడిగింది. ఆ ఫారం ఏడాది మొత్తం మీద పన్ను సున్నా అయ్యేవాళ్లకే. పెన్షను, వడ్డీ, డివిడెండ్ కలిపి ఆమే లెక్క వేసింది. పన్ను పడుతుందని తేలింది. ఫారం ఇవ్వలేదు, టీడీఎస్ పట్టుకున్నాక ఆ మొత్తాన్ని తన నోటుపుస్తకంలో రాసుకుంది.